తాటిగుంట హద్దురాయి

నేను ఒక హద్దురాయిని. సరిగ్గా చెప్పాలంటే ఒకప్పుడు హద్దురాయిని. ఇప్పుడు తారురోడ్డు పక్కన కంకర గుట్టలో, పగిలిన తూము ముక్కల నడుమ పడి ఉన్న ఉత్త రాయిని. నా పడమటి ముఖం మీద సర్కారువారి బాణం గుర్తు, తూర్పు ముఖం మీద జమీవారి శంఖం గుర్తు చెక్కారు. ఇప్పుడు శంఖం నేలను కరుచుకుని ఉంది. బాణం ఆకాశాన్ని చూపిస్తోంది. ఆకాశం ఏ తాలూకాలోకి వస్తుందో నాకెవరూ చెప్పలేదు.

వడ్డెరలు నన్ను కొండ నుంచి పగలగొట్టినప్పుడు నాతోపాటు పుట్టిన రాళ్లన్నీ ఏదో ఒక ఇంటికి పనికొచ్చాయి. ఒకటి రోలయింది, ఒకటి గడప ముందు మెట్టయింది, ఒకటి పశువులు నీళ్లు తాగే తొట్టయింది. నాకు మాత్రం కదలకుండా నిలబడే ఉద్యోగం వచ్చింది. గుర్రమెక్కి వచ్చిన దొర గొడుగు నీడలో కూర్చుంటే, కూలీలు ఇనప గొలుసులు లాగి కొలతలు వేశారు. రెండు ఊళ్ల కరణాలు గొంతులు బొంగురుపోయేదాకా పోట్లాడుకున్నారు. చివరికి దొరకు ఎండ దెబ్బ తగిలేట్టుందని భయపడి ఒప్పుకున్నారు. గుంట తవ్వి, అడుగున బొగ్గులూ పెంకులూ పోసి, నన్ను దించారు. అప్పటి నుంచి నా పడమటంతా తాటిగుంట, సర్కారు ఊరు. నా తూర్పంతా మోదుగపాలెం, జమీ ఊరు. ఇక్కడ ఒక చట్టం, అక్కడ ఒక చట్టం. గాలికి మటుకు రెండూ ఒకటే.

నేను నిలబడింది బండిబాట పక్కన మిట్ట మీద. అక్కడి నుంచి హద్దు దక్షిణంగా సాగుతుంది. నక్కబండ అనే పెద్ద గుండు దాకా తిన్నగా పోతుంది. అక్కడ ఒక దొరువు ఉంది. దొరువంటే మా ఇసక నేలల్లో తవ్వుకునే లోతులేని నీటిగుంట. ఏతం అక్కర్లేదు, కడవ ముంచితే నీళ్లొస్తాయి. హద్దు ఆ దొరువు పడమటి గట్టు మీదుగా పోయి వాగులో దిగుతుంది. అంటే దొరువు మోదుగపాలేనిది. అదొక్కటీ గుర్తుపెట్టుకోండి చాలు. మా రెండు ఊళ్లూ గుర్తుపెట్టుకోనిది అదొక్కటే.

మధ్యలో ఇంకొన్ని రాళ్లుండేవి. ఒకదాన్ని వాగు తీసుకుపోయింది. ఇంకొకటి చాకిరేవులో బండయింది, మంచి పనే దొరికింది దానికి. మిగిలింది నేను.

మనుషులు హద్దును ఎంత గౌరవించేవాళ్లో చెబితే నవ్వొస్తుంది. తాటిగుంటలో అమ్మవారు పోస్తే, అంటే మశూచి వస్తే, చిన్న కొయ్యబండి చేసి, దాని మీద అమ్మవారిని కూర్చోబెట్టి, డప్పులు కొట్టుకుంటూ తెచ్చి నాకు అవతల వదిలి, వెనక్కి చూడకుండా పోయేవాళ్లు. తెల్లారి మోదుగపాలెం వాళ్లు చూసి, బండికి దణ్ణం పెట్టి, పూలు మార్చి, మళ్లీ నాకు ఇవతలికి లాగేవాళ్లు. అమ్మవారు పాపం అలా అటూ ఇటూ తిరిగేది. రోగానికి హద్దు పనిచేయలేదు. నీళ్లకు మాత్రం పనిచేసింది.

ఇక పెంచలయ్య సంగతి. ఆయన తాటిగుంట తలారి. ఊరి కాపలా, కబురు మోయడం, పొలిమేర చూసుకోవడం ఆయన ఇంటి పని. ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీకి తాసిల్దారు వచ్చే ముందు నాకు సున్నం కొట్టేది ఆయనే. సున్నం కొడుతూ నాతో మాట్లాడేవాడు. ఆయన భార్య తొందరగా పోయింది. కూతురు చెంగమ్మ సంగటి ముంత పట్టుకుని తండ్రి వెంట పొలిమేరంతా తిరిగింది. "ఇది నక్కబండమ్మే. ఇక్కణ్ణుంచి దొరువు పడమటి గట్టు పట్టుకోవాల" అని ఆయన చెబితే, ఆ పిల్ల గట్టు మీద ముందు పరిగెత్తేది. ఆ హద్దు తెలిసిన మనుషులు ఆ ఇద్దరే. ముసలాళ్లంతా పోయారు.

చెంగమ్మను మోదుగపాలెంలో మస్తానయ్యకిచ్చి చేశారు. మస్తానయ్య చేను ఆ దొరువు కిందే. మిరప, వంగ, ఒక మడి రాగి. పెంచలయ్య నా పక్కన నిలబడితే కూతురు కడవ ముంచడం కనపడేది. చూసి, చుట్ట వెలిగించుకునేవాడు.

ఆ తర్వాత జమీలు రద్దయ్యాయి. మోదుగపాలెం కూడా సర్కారు ఊరే అయింది. ఇక నాతో పనేముంది, తీసేస్తారనుకున్నాను. నాకు మనుషులు సరిగా తెలియదు. జమీ పోయాక ఆ ఊరికి కొత్తగా సర్వే వస్తోందని కబురు రాగానే, అంతదాకా అందరూ తాగిన దొరువు ఎవరిదన్న ప్రశ్న పుట్టింది. ఆ ఏడు వానలు కూడా మొహం చాటేశాయి. కడవలు తగిలాయి, తర్వాత కర్రలు తగిలాయి, ఇద్దరి తలలు పగిలాయి. అప్పుడు రెండు ఊళ్ల పెద్దలూ నా దగ్గర కూర్చుని పాత పద్ధతికి ఒప్పుకున్నారు.

ఆ పద్ధతి ఇది. హద్దు తెలిసిన మనిషి వాగులో మునిగి, తడిబట్టతో, నడుముకు వేపమండలు కట్టుకుని, పొలిమేర మట్టి తడిపి నెత్తిన పెట్టుకుని నడవాలి. ఆయన ఎక్కడ నడిస్తే అదే హద్దు. అబద్ధం నడిస్తే నెత్తినున్న మట్టే మనిషిని కప్పుతుందని నమ్మకం. సర్వేయరు కూడా, మీరూ మీరూ ఒప్పుకుంటే నాకేం, ఆ గీతే పటంలో వేస్తానన్నాడు.

నడిచేది ఎవరు? రెండు ఊళ్లూ ఒక్క గొంతుతో పెంచలయ్య అన్నాయి. నాకు సంతోషమేసింది. ఎంత మంచి పేరు సంపాదించాడని అనుకున్నాను. తర్వాత తెలిసింది, వాళ్లు నమ్మింది ఆయన నిజాయితీని కాదు.

తాటిగుంట పెద్దకాపు కోటిరెడ్డి బండి ఆపి దిగాడు. "ఏరా పెంచలా, నీ ఇల్లు యాడుందో మర్చిపోబాక. తలారి మాన్యం ఏ ఊరోళ్లు ఇచ్చారో కూడా."

"అట్టనే రెడ్డీ" అన్నాడు పెంచలయ్య.

ఆ పొద్దే మోదుగపాలెం నుంచి ఆ ఊరి పెద్ద దశరథ నాయుడు నడిచొచ్చాడు. నాకు ఆనుకుని వీపు గోక్కుంటూ, "అల్లుడి చేను ఎండితే ఎండేది కూతురి కడుపేనబ్బా. నీకు చెప్పేదేముండాది" అని పోయాడు.

"అట్టనే నాయుడా" అన్నాడు పెంచలయ్య.

ఇద్దరూ పోయాక నా వైపు చూసి, "నిజం నడువయ్యా అని ఒక్కడన్నా అన్నాడా?" అన్నాడు. నవ్వాడు కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

ఆ మాట అన్నది చెంగమ్మ ఒక్కతే. మర్నాడు చేపల పులుసు తెచ్చింది. తండ్రికి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆయన తింటుంటే ముంత చుట్టూ ఈగలు తోలుతూ, "నాయనా, నిజం ఏదో అదే నడువు. మాకు అంతకు మించి వొద్దు" అంది.

"నాకు తెలీదామ్మే."

"తెలుసుననే చెప్తుండా."

ఆ ఒక్క మాటతో సరిపోయేది. కానీ ఊళ్లో నోళ్లుంటాయి కదా. సాయంత్రం తాటిగుంట నుంచి గొర్రెల మందతో వస్తున్న వాళ్లు ఆయన్ను చూసి ఆగారు.

"ఏం పెంచలన్నా, రేపు కూతురికి సారె పెడుతుండావంట గదా!"

"సారేంది?"

"దొరువే! చీరా రవికా ఎవరైనా పెడతారు. నీళ్ల గుంట సారె పెట్టే తండ్రి మా ఊళ్లో నువ్వొక్కడివే!"

గొర్రెలు కూడా నవ్వినట్టే అరిచాయి. ఆ మంద వెళ్లిపోయాక కూడా పెంచలయ్య అలాగే నిలబడ్డాడు. "నిజం నడిచినా సారే అంటారు" అన్నాడు. ఒకసారి కాదు, ఇంటికి పోయేలోగా నాలుగైదు సార్లు అన్నాడు. జీవితమంతా ఒకరి గడ్డిపోచ ముట్టని మనిషి. ఆ పేరు తప్ప వేరే ఆస్తి లేదు. ఉన్న ఒక్క ఆస్తికి ఎసరు వచ్చినట్టు కనిపించింది ఆయనకు.

నడిచే రోజు రెండు ఊళ్లూ వచ్చాయి. మగవాళ్లు ముందు, ఆడవాళ్లు వెనక, ఎవరి దిక్కున వాళ్లు. డప్పులు ఆగిపోయాయి. పెంచలయ్య తడిబట్టతో వచ్చి, నా మొదట్లోంచి తీసిన మట్టిని నెత్తిన పెట్టుకుని, "నా అడుగు తప్పితే ఈ మట్టే నన్ను కప్పాల" అన్నాడు. బురద నీళ్లు చెంపల మీదుగా కారుతున్నాయి. వెనకాల ఒకడు సున్నం పోసుకుంటూ, వాడి వెనకాల సర్వేయరు మనుషులు మేకులు కొట్టుకుంటూ కదిలారు.

నక్కబండ దాకా తిన్నగా నడిచాడు. అక్కడ ఆగాడు. అంత జనంలో ఎవడో దగ్గాడు. దగ్గులో "సారె" అన్న మాట ఉందో లేదో నాకు తెలియదు. ఆయనకు మాత్రం వినపడింది. పెంచలయ్య ఎడమకు తిరిగాడు. దొరువును కుడి చేతి వైపు వదిలి, తూర్పు గట్టు మీదుగా, మస్తానయ్య మిరపచేను అంచున నడిచి వాగులో దిగాడు.

దొరువు తాటిగుంటకు వచ్చేసింది.

తాటిగుంట వాళ్లు కేకలు వేశారు. మోదుగపాలెం వాళ్లలో దశరథ నాయుడే తలపాగా విప్పి దులుపుకుని, "ఇంకేముందిలే. కన్నబిడ్డ నోరు కొట్టి నడిచాడంటే అది నిజం కాక ఏమవుద్ది" అన్నాడు. అందరూ తలలూపారు. అంతకన్నా పెద్ద రుజువు ఎక్కడ దొరుకుతుంది? పటంలో గీత పడిపోయింది.

తప్పని తెలిసింది చెంగమ్మకు ఒక్కదానికే. ఆమె నోరు తెరవలేదు. నోరు తెరిస్తే తండ్రి నెత్తిన మట్టి పెట్టుకుని అబద్ధం నడిచాడని చెప్పాలి. చెబితే ఊళ్లు ఆయన్ను ఏం చేస్తాయో, మట్టి ఏం చేస్తుందో. చేను పోయినా నాయన మిగలనీ అనుకుందేమో. కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

దొరువు చుట్టూ తాటిగుంట వాళ్లు కంప కొట్టారు. మిరప ముందు వాడింది, తర్వాత వంగ. మస్తానయ్య వాగు నుంచి కావడితో మోసి చూశాడు. వాగు కూడా ఇసక తేలాక, సముద్రం ఒడ్డున ఉప్పు మడుల్లో పనుందంటే బయల్దేరారు. సామాను వేసుకున్న బండి నా దగ్గరకు వచ్చేసరికి పెంచలయ్య ఉన్నాడు. రోజూ అక్కడే ఉంటున్నాడప్పటికి.

"దిగి మాట్లాడు పో, మీ నాయన గదా" అన్నాడు మస్తానయ్య, ఎద్దుల వైపు చూస్తూ. "సారె బాగా పెట్టాడని చెప్పు."

చెంగమ్మ దిగింది. తండ్రి చేతులు పట్టుకోలేదు.

"అమ్మే" అన్నాడు పెంచలయ్య.

"పడమటి గట్టు, నాయనా. నువ్వే గదా నాకు చూపించింది."

ఆయన నేల చూపులు చూశాడు. "ఊరోళ్లు ఏమంటారోనని..."

"ఊరోళ్లు అనుకునేది అంతా ఆలోచించావు. నేనేమనుకుంటానో ఒక్క గడియ ఆలోచించలేదు." బండి వైపు తిరిగింది. "ఆరోగ్యం చూసుకో. ఎవురికీ చెప్పబాక. నేనూ చెప్పను." బండెక్కింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఆయన మాత్రం ఆ మాట వినలేదు. కొన్నాళ్లకు వెళ్లి కోటిరెడ్డికి చెప్పాడు. ఆ తర్వాత నా దగ్గరే రెండు ఊళ్ల పెద్దల్నీ కూర్చోబెట్టి, నిలబడి చెప్పాడు, "నేను తప్పు నడిచినాను సామీ. దొరువు మోదుగపాలేనిది."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కోటిరెడ్డే. "కూతురు పోయిన దిగులురా నీకు. ఆ బిడ్డ ఉప్పు గాలికి నల్లబడతా ఉంటే నీకు మనసు ఆగక ఇట్ట చెప్తుండావు."

"లేదు రెడ్డీ, ప్రమాణంగా చెప్తుండా."

"ప్రమాణం ఆ రోజే అయిపోయింది గదబ్బా" అన్నాడు దశరథ నాయుడు. పాపం, దొరువు తన ఊరికి తిరిగొచ్చే మాట విని కూడా ఆయనకు నమ్మ బుద్ధి కాలేదు. "నువ్వు అబద్ధం నడిచుంటే మట్టి నిన్ను కప్పుండేది. గుండ్రాయిలా ఉండావు. నిన్నా, మొన్నా, ఆ ముందూ జొరమన్నా రాలేదే?"

పెంచలయ్య బతికి ఉండటమే ఆయన మాటకు అడ్డం వచ్చింది. ముందు ఆయన పక్షపాతాన్ని నమ్మి నడవమన్నారు. అబద్ధం నడిస్తే నిజమని నమ్మారు. నిజం చెబితే కూతురి మీద ప్రేమ అన్నారు. మనుషుల లెక్కలు నా బోటి రాతికి అందవు.

అప్పటి నుంచి ఒక పని మొదలుపెట్టాడు. రోజూ పొద్దు ఎక్కాక వాగులో మునిగి వచ్చి, నా మొదట్లోని మట్టి నెత్తిన పెట్టుకుని, నక్కబండ దాకా నడిచి, కంప సందులోంచి దూరి, దొరువు పడమటి గట్టు మీదుగా వాగులో దిగేవాడు. డప్పు లేదు, సున్నం లేదు. సరైన హద్దు. మొదట్లో జనం ఆగి చూసేవాళ్లు. "తలారికి తల తిరిగింది" అన్నారు. తర్వాత చూడటం మానేశారు. ఉప్పు మడులు మా ఊరికి ఒక పూట బస్సు ప్రయాణం. ఎన్నోసార్లు బట్టలు మూట కట్టుకుని బండిబాట దాకా వచ్చేవాడు. నా పక్కన మూట పెట్టుకుని కూర్చుని, బస్సు పోయాక లేచి మట్టి తీసుకునేవాడు. "ఏ మొహం పెట్టుకుని పోయేది? దాని చేతి కూడు ఎట్ట తినేది?" అని నన్నే అడిగేవాడు.

కాలం పోయింది. ఫిర్కాలు మారాయి, సమితులొచ్చాయి, ఏవో బోర్డులు లేచి పడిపోయాయి. కోటిరెడ్డి పోయాడు, దశరథ నాయుడు పోయాడు. రెండు ఊళ్లకూ బోర్లు వచ్చాయి. దొరువు అడుగు పూడిపోయి సర్కారు తుమ్మ మొలిచింది. దాని కోసం తలలు పగలగొట్టుకున్నారంటే ఇప్పటి వాళ్లు నమ్మరు. ఒకనాడు తలారి ఉద్యోగాలే లేవన్నారు. పెంచలయ్యకు కబురు చెప్పడానికి వచ్చిన గుమాస్తా, నెత్తిన మట్టితో ఎదురొస్తున్న ఆయన్ను చూసి, చెప్పకుండానే వెళ్లిపోయాడు. ఆ తర్వాత మండలాలు వచ్చాయి. తాటిగుంట, మోదుగపాలెం ఒకే మండలం, ఒకే పంచాయితీ. మధ్యలో హద్దే లేదు.

బండిబాట తారురోడ్డయ్యేటప్పుడు నన్ను పెకలించారు. మేస్త్రీ ఒకసారి గట్టిగా అడిగాడు, "ఎవరిదబ్బా ఈ రాయి?" అని. రెండు ఊళ్ల వాళ్లూ అక్కడే పనిలో ఉన్నారు. మాది కాదంటే మాది కాదన్నారు. నా కోసం ఒకప్పుడు కరణాలు గొంతులు పోగొట్టుకున్న సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు. గుట్టలోకి దొర్లించారు. ఆ మర్నాడు పెంచలయ్య వచ్చి, నేనున్న చోట గుంట చూసి చాలాసేపు తడుముకున్నాడు. అప్పటికి చూపు మందగించింది. గుంటలోంచే పిడికెడు మట్టి తీసుకుని నడిచాడు. నేను లేకున్నా ఆయన కాళ్లు తప్పిపోలేదు.

ఆ చలికాలంలోనే పోయాడు. తాటిగుంట వాళ్లు మంచిగానే సాగనంపారు. "నిండు ఆయుష్షు, సత్యవంతుడు" అన్నారు. ఆ మాట ఆయన వినకపోవడమే మేలు.

దినానికి చెంగమ్మ వచ్చింది. జుట్టు నెరిసింది, మడమలు ఉప్పుకు పగుళ్లు తీశాయి. మస్తానయ్య వెంట రాలేదు, ఆయన పోయి కొన్నేళ్లయిందట. బస్సు దిగి, ఊళ్లోకి పోకుండా అటూ ఇటూ చూసింది. నా కోసమే వెతికిందని అనుకుంటాను. నేను ఆమె పక్కనే కంకరలో ఉన్నాను. ఆమె కళ్లు నన్ను దాటి దూరంగా పోయాయి. ముళ్ల చెట్ల మధ్య నుంచి ఒక కాలిబాట తెల్లగా కనిపిస్తోంది. మోదుగపాలెం నుంచి పాలక్యాన్ పట్టుకుని ఒకామె ఆ బాటలోనే వస్తోంది.

"ఈ బాట ఎప్పుడు పడిందమ్మా?" అని అడిగింది చెంగమ్మ.

"ఇదా? ముసలి తలారి బాటక్కా. పిచ్చోడు, రోజూ నెత్తిన మట్టి పెట్టుకుని ఇందులోనే పొయ్యేటోడు. ఆయన తొక్కీ తొక్కీ కంప చచ్చి దోవ పడింది. మాకూ అడ్డదోవ అయింది." పాలక్యాన్ చెయ్యి మార్చుకుంది. "మొన్న పోయాడు పాపం. మీరు చుట్టాలా?"

చెంగమ్మ బాటలో దిగింది. నక్కబండ దాకా వెళ్లి ఆగింది. బాట కుడికి తిరగడం చూసింది. పూడిపోయిన దొరువు పడమటి గట్టు మీద, తుమ్మల కింద, ఒక మనిషి పాదం పట్టేంత సన్నంగా, వాగు దాకా ఉంది ఆ దారి. ఆ గట్టు మీద ఆమె నడిచింది. నడవలేక నడిచింది. వాగు దగ్గర కొంతసేపు కనపడలేదు.

తిరిగి వచ్చేసరికి ఎండ ముదిరింది. రోడ్డు పక్కన నీడ లేదు. కంకర గుట్ట అంచున చదునుగా ఉన్నది నేనొక్కదాన్నే గనక నా మీదే కూర్చుంది. నేను నిలబడి ఉన్నన్నాళ్లూ నా మీద ఎవరూ కూర్చోలేదు. ఆమె బరువు ఎక్కువేమీ లేదు. చేత్తో మడమలు ఒత్తుకుంటూ, ఆ బాట వైపే చూస్తూ ఉంది. ఊళ్లో నుంచి ఆమె పెదనాన్న మనవడు ఒకడు వచ్చి, "అత్తా, పిండం పెట్టాల, అందరూ నీ కోసం చూస్తుండారు" అన్నాడు.

"వస్తున్నా పదరా" అంది, లేవలేదు. వాడు ముందుకు పోయాక, కొంగుతో మొహం తుడుచుకుని, నెమ్మదిగా, ఎదురుగా ఉన్న మనిషితో చెప్పినట్టు అంది:

"ఇన్నేళ్లు ఇంత దూరం నడిచావే నాయనా. ఒక్కసారి బస్సెక్కి నా గుమ్మం దాకా వచ్చుంటే సరిపోయేది."